సంఘం వార్షిక నివేదిక: పిల్లల ఆరోగ్యం, బోరు నీళ్లు

సభ్యులందరికీ నమస్కారం. సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు తెలుసు కాబట్టి నేరుగా ఈ ఏడు పనిలోకి వస్తాను.

2003లో మన నల్లగొండ జిల్లా లంబాపూర్, పెద్దగట్టులో పెట్టాలనుకున్న యురేనియం గనుల మీద ప్రజాభిప్రాయ సేకరణ జరిగినప్పుడు మన చేతిలో కోపం ఉంది, కాగితం లేదు. తవ్వకం రాకముందు పిల్లల ఒంట్లో ఏముందో రాసి పెట్టుకోకపోతే, రేపు ఏం కనబడ్డా "ఇది నల్లగొండ పాత ఫ్లోరైడే" అని తోసేస్తారు. అందుకే బడిలో శిబిరం పెట్టాం. ఈ ఏడు చెప్పుకోదగ్గ పని ఇదొక్కటే, గట్టిగానే చెప్పుకుంటాను.

పళ్ల డాక్టరమ్మ ప్రతి పిల్లవాడి పళ్ల మీద ఫ్లోరైడ్ వేసే గోధుమ చారలు చూసి రాశారు. పళ్లు తయారయ్యే వయసులో, అంటే ఎనిమిదేళ్లలోపు, ఏ నీళ్లు తాగారో తల్లులను అడిగాం. ఫ్లోరైడ్‌కు ఎముకలు, కీళ్లు బిగుసుకున్నాయేమో చూడ్డానికి చేయించిన పరీక్షలు, అంటే మోకాళ్లు వంచకుండా కాలివేళ్లు ముట్టుకోవడం, గడ్డం ఛాతీకి ఆనించడం, చేతులు తల వెనక్కి పెట్టడం పిల్లలకు ఆటైపోయింది. చూడ్డానికి వచ్చిన ఒక తాతను కూడా వంగమన్నారు. ఆయన వంగలేకపోయాడు. మొదట నవ్వినవాళ్లే గమ్మున కూర్చున్నారు.

తల్లులకు ఒక సంగతి చెప్పాం. కాళ్లు వంకర పోవడం ఒక్క ఫ్లోరైడ్ పనే కాకపోవచ్చు. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు 1970లలోనే మన జిల్లా ఊళ్లలో మోకాళ్లు లోపలికి వంగిన పిల్లలను చూసి, జొన్నలో మాలిబ్డినం అనే లోహం ఎక్కువై ఒంట్లో రాగి తగ్గడం కూడా కారణం కావచ్చని అనుమానించారు. కాబట్టి మూత్రంలో ఫ్లోరైడ్ ఒక్కటే చూస్తే చాలదు. నీళ్లు మరగబెడితే ఫ్లోరైడ్ పోతుందని ఇంకా నమ్మేవాళ్లున్నారు. పోదు, నీళ్లు తగ్గి ఇంకా చిక్కబడుతుంది.

బోరు నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు, యురేనియం 30 మైక్రోగ్రాములు. మొదటిది ఇక్కడే పరీక్ష చేయించాం. రెండోదానికి ఆఫీసులో సీసాలు ఇచ్చి రసీదు తెచ్చుకున్నాం, ఫలితం మాత్రం రాలేదు. నాలుగుసార్లు తిరిగాను. ప్రతిసారీ "సార్ మీటింగులో ఉన్నారు" అన్నారు. యురేనియం కిడ్నీ మీద పడుతుందని వాళ్లకు నేను చెప్పాలా?

డాక్టరమ్మకు, గదులు ఇచ్చిన హెడ్మాస్టరుగారికి, ఉప్మా చేసిపెట్టిన అక్కలకు, టెంటు ఉచితంగా వేసిన తమ్ముడికి, ఆటోలో సీసాలు మోసిన కుర్రాళ్లకు కృతజ్ఞతలు. వాట్సాప్‌లో చెయ్యెత్తి, ఆ రోజు ఫోన్ ఎత్తని పెద్దలకు ఏం చెప్పాలో తోచడం లేదు.

జమాఖర్చుల కాగితం గోడకు అంటించాం. కొద్దిగా మిగులు ఉంది, అడిగితే ఖజాంచిగారు చెబుతారు.

చివరగా, తండా పిల్లల వివరాలు రాసిన నీలం అట్ట నోటుబుక్కు ఎవరి దగ్గరుందో, సమావేశం అయ్యేలోపు నా చేతికి ఇవ్వండి.

ఇట్లు,
కార్యదర్శి