నెమలి సంగతి

ఒరేయ్ చిన్నా,

ఇక్కడ అందరం బాగున్నాం. మీ నాన్న మోకాలి నొప్పి అలాగే ఉంది. పొద్దున్నే కృష్ణ ఒడ్డుదాకా నడుస్తానని బయల్దేరి సందు చివర టీకొట్టు దగ్గరే ఆగిపోతున్నారు, నాకు తెలియదనుకుంటారు. వానలు మొదలయ్యాయి, వంటింట్లో ఆ మూల మళ్ళీ కారుతోంది. వాట్సాప్‌లో రాస్తే నీలం టిక్కులు పడతాయి గానీ జవాబు రాదు, మూడు వారాలైంది, అందుకే కాగితం మీద రాసి బాబాయ్ కొడుకు చేత ఫొటోలు తీయించి మెయిలు పెట్టిస్తున్నా. వాడు చదువుతాడేమోనని కొన్ని సంగతులు రాయడం లేదు, నువ్వే అర్థం చేసుకో.

నేనేమీ మీ బావ గృహప్రవేశానికని నువ్వు చెక్కలో కోసిన ఆ విరిగిపోయిన నెమలి గురించి రాద్దామని కూర్చోలేదు. అయిందేదో అయింది. పెద్దత్త వాళ్ళింట్లో పేరంటానికి వెళ్తే అక్కడ మీ బావ వాళ్ళమ్మ కనిపించింది, మాటల్లో మాటగా "మీవాడు ఆ రంపం మెషిను అమ్మేస్తున్నాడటగా" అంది. నాకేం తెలుసని చెప్పను? అవునో కాదో తెలియక పులిహోర నములుతూ కూర్చున్నా. కన్నతల్లికి తెలియని సంగతి వియ్యపురాలికి తెలియడం ఏం మర్యాద రా? అమ్మితే అమ్ముకో, నీ డబ్బు నీ ఇష్టం. కానీ అది కొన్నాక నువ్వు రాత్రి ఒంటిగంటదాకా లాప్‌టాప్ ముందు కూర్చోవడం మానేశావు, ఆఫీసు టెన్షన్ తగ్గిందని నువ్వే చెప్పావు, ఫోన్‌లో నీ గొంతే మారిపోయింది. అది చూసి మీ నాన్న కూడా తెలిసినవాళ్ళందరికీ ఆ ఫొటోలు పంపించి విసిగించారు.

ఈసారి ఆవకాయలో ఆవపిండి కాస్త ఎక్కువైంది. ఎవరైనా వస్తుంటే చెప్పు, పంపిస్తా.

ముక్కలన్నీ ఉన్నాయా? డబ్బాలో వేసి గరాజ్‌లో పైన పెట్టేశావని అమ్మాయి చెప్పింది. ఒక ఈక చివర దొరకలేదట, అది లేకుండా అతికించడం దండగ అన్నావట. మళ్ళీ వెతుకు. మెషిను కింద, చీపురు మూల, ఆ పొట్టు పీల్చే గొట్టంలో కూడా చూడు. చిన్న ముక్కలు ఎక్కడికీ పోవు, మన కంటికి కనపడవంతే.

నీ పనికీ కొండపల్లి బొమ్మలు చేసిన మా నాన్న పనికీ తేడా చూస్తే నవ్వొస్తుంది నాకు. ఆయన చేతిలో రంపం కదిలేది, చెక్క కదలకుండా ఉండేది. నీ దగ్గర ఆ దారమంత రంపం ఒకచోటే కిందికీ పైకీ ఆడుతుంటే చెక్కని నువ్వు తిప్పుతావు. ఒక్కో కంతకీ ముందు బెజ్జం పెట్టడం, బ్లేడు విప్పి ఆ బెజ్జంలోంచి దూర్చి మళ్ళీ బిగించడం, కోయడం, మళ్ళీ విప్పడం. రెండు వందల పన్నెండు కంతలన్నావు. నాలుగు నెలలు. వీడియోలో చూస్తుంటేనే నా మెడ పట్టేసేది. అందుకే అది విరిగిందని తెలిసినప్పుడు నేను "పోనీలేరా, ఇంకోటి చేసుకోవచ్చు" అనలేదు, ఆ మాట మీ పెద్దమ్మ అంది, నేను కాదు. నాలుగు నెలలు ఎవరైనా తెచ్చిస్తారా?

కానీ నేను ముందే చెప్పాను కదరా, ఆ వాల్‌నట్ పలక వద్దని. చెప్పాన్లే అని ఎత్తిపొడవడానికి కాదు. ప్లైవుడ్‌లో పొరలు ఒకటి అడ్డం ఒకటి నిలువు ఉంటాయి కాబట్టి సన్నగా కోసినా ఆగుతుందని నువ్వే నాకు చెప్పావు. ఒంటి చెక్కకి నార అంతా ఒకే వైపు ఉంటుంది. ఈక వంపు తిరిగినచోట ఆ నార అడ్డం పడిందంటే అక్కడ దాన్ని పట్టుకునేది ఏమీ లేదు, కోడిగుడ్డు పెంకే. పురి విప్పిన నెమలికి అన్నీ వంపులేగా. చిట్టి పట్టుకోకపోయినా, మీ బావ కొత్తింటి గోడకి మేకు కొట్టేటప్పుడైనా విరిగేది. రాసిపెట్టుకో.

ఆ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా, మీ తాతయ్య రాముడి విల్లు సంగతి నీకెప్పుడైనా చెప్పానా? చెప్పి ఉండను. ఎవరికీ చెప్పలేదు.

నాకప్పుడు ఎనిమిదేళ్ళు. దసరా ముందు కొండపల్లిలో ఎవరింట్లో చూసినా కాలు పెట్టడానికి చోటుండేది కాదు, కొలువుల కోసం బొమ్మలు అడిగేవాళ్ళు అప్పుడే వచ్చేవాళ్ళు. గుంటూరు నుంచి ఒకాయన దశావతారాల సెట్టు కావాలని బయానా ఇచ్చి వెళ్ళాడు. తాతయ్య తెల్ల పొణికి చెక్క తెచ్చి, సన్నటి సెగ మీద తడి ఆర్చి, ఒక్కో దేవుడికి కాళ్ళూ చేతులూ ఒళ్ళూ విడివిడిగా చెక్కి, చింతగింజల పిండిలో రంపంపొట్టు కలిపిన మక్కుతో అతికేవారు. ఆ మక్కుతోనే మడతలు, నగలు, కిరీటాలు తీర్చేవారు. తర్వాత ఆకురాయితో నున్నగా చేసి సుద్ద పూసి రంగులు. అమ్మమ్మ పసుపు, ఎరుపు వేసేది. కళ్ళు మాత్రం తాతయ్యే దిద్దాలి, ఆ టైములో మేం ఊపిరి కూడా గట్టిగా పీల్చకూడదు. పది అవతారాలూ అయ్యాయి, చాప మీద వరసగా ఆరుతున్నాయి. గుంటూరు ఆయన మర్నాడు వస్తాడు.

నేను పక్కింటి పిల్లకి చూపిద్దామని రాముణ్ణి తీశాను. చూపించాను కూడా. తిరిగి పెట్టేటప్పుడు విల్లు పరశురాముడి గొడ్డలికి తగిలి టక్కుమంది, చివర చిటికెనవేలి గోరంత ముక్క ఊడిపోయింది. శివుడి విల్లు విరిచిన రాముడికి సీతనిచ్చారు, రాముడి విల్లు విరిచినదానికి ఏమిస్తారో నాకు బాగా తెలుసు. ముక్కని పలకసంచిలో వేసుకుని బడికి పోయాను.

సాయంత్రం వచ్చేసరికి ఇల్లంతా నిశ్శబ్దం. ఎవరు ముట్టుకున్నారంటే పిల్లి అన్నాను. తాతయ్య నా మొహం చూశారు, పిల్లా అన్నారు, అంతే. తిట్టలేదురా. ఆ తిట్టకపోవడమే నన్ను చంపేసింది. లాంతరు పెట్టుకుని పొట్టంతా చేటలో జల్లిస్తూ కూర్చున్నారు ఆ ముక్క కోసం. ఆ ముక్కే దొరికితే చుక్క మక్కు పెట్టి అతికేస్తే సరిపోయేది, విరిగిన చోటు దానికదే కలిసిపోతుంది కదా. నా సంచి మూరెడు దూరంలో గోడకి వేలాడుతోంది. ఇచ్చేద్దామనే అనుకున్నాను, నోరు రాలేదు. ఇంకాసేపు ఆగి ఇద్దామనుకుంటూనే నిద్రపోయాను.

రాత్రంతా కూర్చుని మక్కుతోనే కొత్త చివర తీర్చారు. బయట ముసురు, అది ఆరదు. కుంపటి దగ్గర పెడితే ఆరింది గానీ పొగచూరి రాముడి భుజం నల్లబడింది, దాని మీద మళ్ళీ సుద్ద, మళ్ళీ నీలం. గుంటూరు ఆయన ఏమీ కనిపెట్టలేదు, డబ్బులిచ్చి తీసుకుపోయాడు. ఆ ఏడాది నుంచి తాతయ్య రాముడికి విల్లు చెక్కతో చేయడం మానేసి సన్నటి వెదురుబద్ద వంచి పెట్టేవారు. ఊళ్ళో అదేదో కొత్త పద్ధతనుకున్నారు.

నా పెళ్ళికి పెట్టె సర్దుతుంటే పాత పలకసంచిలోంచి ఆ ముక్క కింద పడింది. తాతయ్య అక్కడే ఉన్నారు. తీసి చూసి, "ఆ పిల్లి ఇంకా బతికే ఉందన్నమాట" అన్నారు.

సరే, ఎక్కడో మొదలుపెట్టి ఎక్కడికో పోయాను. చిట్టి నాతో ఫోన్‌లో మాట్లాడింది. అది పిల్లి అనలేదు, మీ ఇంట్లో పిల్లి లేదు కూడాను. "నేనే విరగ్గొట్టా అమ్మమ్మా" అంది, నాన్న గరాజ్‌లోకి రానివ్వడం లేదంది. నేను నానమ్మనే అని దిద్దలేదు, పాపం ఏడుస్తోంది. నువ్వు ఏమన్నావో నాకు తెలియదు, అడగను. కానీ ఆరేళ్ళ పిల్ల స్నేహితురాలికి "మా నాన్న చేశాడు" అని చూపించడానికే తీసిందని ఎవరైనా నీకు చెప్పారా? ఎత్తున పెట్టుకోవాల్సింది నువ్వు. ఆరడానికి డైనింగ్ టేబుల్ మీద పెడతారా ఎవరైనా? నేను ఇదివరకు కూడా... సరే వదిలెయ్.

అతికేటప్పుడు విరిగిన అంచుల్ని ఉప్పుకాగితంతో రుద్దకు. నార ఎలా చీలిందో అలాగే ఒకదాంట్లో ఒకటి కూర్చోవాలి, మాటిమాటికీ పెట్టి చూసినా అంచు నలిగిపోతుంది. చటుక్కున అంటుకునే జిగురు సన్నటి చోట్లకి సుఖమే గానీ అది పెళుసు, ఇంకో దెబ్బ తగిలితే మళ్ళీ అక్కడే. పైగా దాని ఘాటు కళ్ళకి పడదు, నీకసలే సైనస్. చెక్క జిగురైతే టూత్‌పిక్‌తో చుక్క పెట్టి, కింద మైనపు కాగితం వేసి, కాగితం టేపుతో లాగి పట్టించి, రాత్రంతా కదపకు. పైకి పొంగింది ఆరకముందే తుడిచెయ్. మన తలుపులు చేసిన మేస్త్రిని అడిగాను, వెనక పలుచటి నల్ల పలక వేసి మొత్తం దానికి అతికించెయ్యమన్నాడు, అప్పుడు ఏ వంపు మీదా బరువు పడదు, నెమలి ఇంకా తేటగా కనిపిస్తుంది కూడా. చిన్న చిన్న సందులుంటే ఆ వాల్‌నట్ పొట్టే జిగురులో కలిపి నింపు. అదీ మక్కే. అతుకు కనపడుతుందంటావా, నీకు కనపడుతుంది. మీ బావకి కనపడదు, ఆయన గోడ మీద గడియారమే చూడడు.

మాస్కు పెట్టుకుంటున్నావా? ఆ సన్నటి పొట్టు ఊపిరితిత్తుల్లోకి పోతుంది, తాతయ్య చివరి రోజుల్లో దగ్గు నువ్వు వినలేదు. కళ్ళద్దాలు కూడా. చిట్టిని పక్కన కూర్చోబెట్టుకుంటే దానికీ పెట్టు. మెషిను ఆపేసే ఉంచు, టేపు ముక్కలు చింపి ఇవ్వడం అదీ చేయగలదు.

గృహప్రవేశానికి ఇంకా పదిహేను రోజులుంది, టైముంది. ఆదివారం ఫోన్ చెయ్. మీ నాన్న అడగరు గానీ ఫోన్ మోగితే ముందు ఆయనే లేస్తారు, మోకాలి నొప్పి గుర్తుండదు అప్పుడు. రాత్రిళ్ళు పెరుగన్నం తిను, ఆ సీరియల్ తిని పడుకోకు.

అమ్మ

ఇంకో మాట. నాతో ఒట్టు వేయించుకుంది, నేను చెప్పానని అనకు. ఆ ఈక చివర చిట్టి పెన్సిలు డబ్బాలో రబ్బరు కింద ఉంది. నువ్వు తియ్యకు. అది ఇచ్చేదాకా ఆగు.