డిస్కు మీద రాయలేకపోతే ఆ మాట వెంటనే చెప్పాలి

సంపాదకులకు నమస్కారం.

విశాఖలో గూగుల్ సంస్థ అయిదేళ్లలో 15 బిలియన్ డాలర్లు పెట్టి డేటా సెంటర్ కడుతుందని 2025 అక్టోబరులో ప్రకటించినప్పటి నుంచీ ఎకరాలు, మెగావాట్లు, ఉద్యోగాలు అంటూ పత్రికల్లో చాలా చదువుతున్నాం. మంచిదే. అయితే డేటా అంత పెద్ద సెంటర్లో ఉన్నా, కావలి ట్రంకు రోడ్డు పక్కన ఓ రొయ్యల ల్యాబ్‌లో మూలనున్న కంప్యూటర్లో ఉన్నా, దాన్ని డిస్కు మీద ఎక్కడ పెట్టాలి, అడిగినప్పుడు ఎలా తీసివ్వాలి అని చూసుకునేది ఫైల్ సిస్టమ్ అనే సాఫ్ట్‌వేరే. దాని గురించి తెలుగులో ఎవరూ మాట్లాడటం లేదు. మన జిల్లాలో ఇది రైతు జేబుకు తగిలే విషయం కాబట్టి రాస్తున్నాను.

నేను కావలిలో ఉంటాను. అల్లూరు, విడవలూరు వైపు, ఇటు సింగరాయకొండ దాకా రొయ్యల ల్యాబులకు, ఫొటో స్టూడియోలకు కంప్యూటర్లు చూసిపెడతాను. చెరువు నీళ్లలో ఉప్పదనం, పీహెచ్, ఆల్కలినిటీ, అమ్మోనియా ఎంతున్నాయో, సీడ్‌కు (రొయ్య పిల్లలకు) వైట్ స్పాట్ వైరస్ జబ్బు ఉందో లేదో ఈ ల్యాబులు పరీక్షించి చెబుతాయి. ఆ కాగితం చూసే రైతు సీడ్ వేయాలా వద్దా అని తేల్చుకుంటాడు. పోయిన కల్చర్‌లో (రొయ్యల పంటలో) ఏం జరిగిందో పోల్చి చూడాలంటే పాత రిపోర్టులే ఆధారం.

ఒక ల్యాబ్‌లో (పేరు వద్దు, వాళ్ల తప్పు కూడా కాదు) రిపోర్టులు నమోదు చేసే ప్రోగ్రామ్ బాగా నెమ్మదిగా ఉండేది. శాంపిల్స్ ఎక్కువ వచ్చే సీజన్‌లో అయితే ఒక్కో అంకె కొట్టి ఎదురు చూడాల్సి వచ్చేది. ప్రోగ్రామ్ అమ్మినవాళ్లకు ఫిర్యాదు చేస్తే కొత్త వెర్షన్ ఇచ్చారు. నిజంగానే వేగం వచ్చింది, అందరూ సంతోషించారు. కొన్ని నెలలకు అల్లూరు వైపు నుంచి ఒక రైతు పాత రిపోర్టు కాపీ కోసం వచ్చాడు. ఫైల్ పేరు ఉంది, తెరిస్తే లోపల ఏమీ లేదు. ఇంకా వెతికితే అలాంటివి చాలా కనిపించాయి. అన్నీ నమోదు చేసిన రోజు తెర మీద 'సేవ్ అయింది' అని చూపించినవే. ఆ రోజు ప్రింటు కూడా సరిగ్గానే వచ్చింది.

ఆ కంప్యూటర్ లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడుస్తుంది. నేను వెళ్లి దాని లాగ్ (జరిగినవన్నీ రాసుకునే చిట్టా) తెరిచి చూశాను. హార్డ్ డిస్కు పాడవుతోందని, రాయమన్న పేజీలు (డేటా ముక్కలు) రాయలేక పోగొట్టుకున్నానని లినక్స్‌కు గుండెకాయలాంటి కెర్నల్ వారాల తరబడి అందులో రాసుకుంటూనే ఉంది. ఆ మాట ల్యాబ్‌లో కూర్చున్న అమ్మాయి దాకా రాలేదు. ఎందుకు రాలేదో చెప్పడానికి కొంచెం లోపలికి వెళ్లాలి.

ప్రోగ్రామ్ ఏదైనా ఫైల్‌లో రాసినప్పుడు ఆ డేటా వెంటనే డిస్కు మీదికి పోదు. ముందు మెమరీలో ఉంటుంది. కెర్నల్ 'సరే, తీసుకున్నాను' అంటుంది. మామూలు సెట్టింగుల్లో ముప్పై సెకన్ల వరకూ అది మెమరీలోనే ఆగవచ్చు, తర్వాత తీరిగ్గా డిస్కుకు చేరుతుంది. లినక్స్ వేగానికి ఇదొక ముఖ్య కారణం. డేటా విలువైనదైతే ప్రోగ్రామ్ ఎఫ్‌సింక్ అనే పిలుపు పిలవాలి. డిస్కుకు చేరేదాకా నాకు జవాబు చెప్పొద్దు, చేరకపోతే చేరలేదని చెప్పు అని దాని అర్థం. అందుకు సమయం పడుతుంది. నిమిషానికి 7200 సార్లు తిరిగే డిస్కు సెకనుకు తిరిగేది 120 సార్లే. కాబట్టి విడివిడిగా ఒక్కో అంకెకూ ఎఫ్‌సింక్ పిలిస్తే సెకనుకు వంద దాటడం కూడా కష్టమే.

ఆ ప్రోగ్రామ్ పాత వెర్షన్ ప్రతి అంకెకూ ఎఫ్‌సింక్ పిలిచేది. అందుకే నెమ్మది. కొత్త వెర్షన్‌లో వేగం కోసం ఆ పిలుపునే మొత్తంగా తీసేశారు. ఎఫ్‌సింక్ లేకపోతే, తర్వాత డిస్కు మీద రాసేటప్పుడు వచ్చిన లోపం ప్రోగ్రామ్‌కు తెలిసే దారి లేదు. అదే రోజు ప్రింటు ఎలా వచ్చిందంటే, అది మెమరీలో ఉన్న కాపీ నుంచి వచ్చింది. కరెంటు పోయి కంప్యూటర్ మళ్లీ ఆన్ అయ్యాక మిగిలింది డిస్కు మీద ఉన్నదే, అంటే ఏమీ లేనిదే.

ఇంతకీ రెండు వెర్షన్లకూ మధ్య ఒక దారి ఉంది. ఒక శాంపిల్‌కు సంబంధించిన అంకెలన్నీ కలిపి ఒకే ట్రాన్సాక్షన్‌గా (అయితే అన్నీ, లేకపోతే ఏదీ కాకుండా) రాసి, చివర్లో ఒక్కసారి ఎఫ్‌సింక్ పిలవడం. ఇప్పుడు ఆ ల్యాబ్‌లో అలాగే నడుస్తోంది. తెర ఆగడం లేదు, డిస్కు మొరాయిస్తే ఎర్ర అక్షరాలతో తెర మీదే చెబుతోంది. వేగం కావాలంటే భద్రత వదులుకోవాలని మనకు అమ్మేవాళ్లు చెప్పే మాట చాలాసార్లు నిజం కాదు. పనిని సరిగ్గా పేర్చుకోలేదంతే.

అమ్మినవాళ్లను మాత్రమే అనడం న్యాయం కాదు. లోపాన్ని పైకి చెప్పడం ఫైల్ సిస్టమ్ రాసేవాళ్లకు కూడా చాలాకాలం రెండో పనిగానే ఉండిపోయింది. అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2008లో లినక్స్ ఫైల్ సిస్టమ్‌ల కోడ్ అంతా జల్లెడ పట్టి, లోపం జరిగిందని చెప్పే కోడ్ తిరిగి వచ్చే పిలుపుల్లో దాదాపు 13 శాతం చోట్ల దాన్ని ఎవరూ పట్టించుకోకుండా వదిలేస్తున్నారని తేల్చారు. కింద డిస్కు 'కాలేదు' అంటోంది. మధ్యలో ఒక ఫంక్షన్ (కోడ్‌లో ఓ చిన్న భాగం) ఆ మాట మింగేస్తోంది. పైన ఉన్నవాడికి 'అయింది' అని చేరుతోంది.

2018లో బయటపడ్డ సంగతి ఇంకా ఆశ్చర్యం. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌ను తయారుచేసేవాళ్లు గమనించారు: ఎఫ్‌సింక్ ఒకసారి విఫలమైతే, లినక్స్ ఆ పేజీలను రాసేసినట్టే గుర్తు పెట్టుకుంటుంది. మళ్లీ ఎఫ్‌సింక్ పిలిస్తే విజయం అని చెబుతుంది. ఉత్తరం చేరిందా అని పోస్టాఫీసులో అడిగితే మొదటిసారి 'చేరలేదు, దారిలో పోయింది' అని, మర్నాడు అడిగితే 'ఇక్కడ పెండింగ్ ఏమీ లేదండీ' అని చెప్పినట్టు. రెండూ అబద్ధాలు కావు, కానీ ఉత్తరం మాత్రం పోయింది. పోస్ట్‌గ్రెస్ వాళ్లు 2019 ఫిబ్రవరి విడుదలల నుంచి పద్ధతి మార్చారు. ఎఫ్‌సింక్ విఫలమైతే రెండోసారి అడగకుండా డేటాబేస్‌నే ఆపేసి, మార్పులన్నీ ముందే రాసిపెట్టుకునే తమ లాగ్ నుంచి మళ్లీ మొదలుపెడతారు. అంతకుముందే, 2017లో వచ్చిన 4.13 కెర్నల్‌లో, ఇలాంటి లోపాలు ఫైల్ తెరిచి ఉంచిన ప్రతి ప్రోగ్రామ్‌కూ చేరేలా కొత్త ఏర్పాటు చేశారు. డేటాబేస్ ఆగిపోతే జనానికి కోపం వస్తుంది, నిజమే. నా అనుభవంలో ఆగిపోయిన యంత్రాన్ని బాగుచేయడం తేలిక. ఆగకుండా తప్పుగా నడిచిన యంత్రంలో పోయింది ఏమిటో తేల్చడానికే ప్రాణం పోతుంది.

2009లో లినక్స్‌లో ఎక్కువగా వాడే ఈఎక్స్‌టీ4 అనే ఫైల్ సిస్టమ్ కొత్తగా వచ్చినప్పుడూ ఇలాంటి గొడవే జరిగింది. డిస్కు మీద చోటు ఎంచుకోవడాన్ని వీలైనంత వాయిదా వేస్తే డేటా పక్కపక్కనే పడుతుంది, వేగం పెరుగుతుంది. అయితే ఆ వాయిదా సమయంలో కరెంటు పోయినా, సిస్టమ్ పడిపోయినా కొన్ని ఫైళ్లు సున్నా సైజుతో మిగిలాయి. ఎఫ్‌సింక్ పిలవని ప్రోగ్రామ్‌లదే తప్పు అని ఫైల్ సిస్టమ్ వాళ్లన్నారు. నియమం ప్రకారం వాళ్ల మాటే సరైనది. అయినా అక్కడితో ఆగకుండా, పాత ఫైల్ స్థానంలో కొత్తది పెట్టే సందర్భాల్లో డేటాను ముందే డిస్కుకు పంపేలా 2.6.30 కెర్నల్‌లో మార్పు చేశారు. నియమం తమ వైపే ఉన్నా వాడేవాడి నష్టం చూసి సర్దుకున్న ఆ పద్ధతి నాకు ఎంతో నచ్చింది.

లినక్స్ లాంటి ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ కనిపించే) సాఫ్ట్‌వేర్ అంటే తప్పులుండవని నేను అనడం లేదు. మిచౌంగ్ తుఫాను 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. నెల్లూరు జిల్లా నీళ్లలో మునిగిన ఆ వారమే ఈఎక్స్‌టీ4లో డేటా పాడుచేసే లోపం ఒకటి బయటపడింది. కొత్త కెర్నల్‌లోని ఒక సవరణను పాత 6.1 కెర్నల్‌లోకి తెచ్చి, అది ఆధారపడిన మరో సవరణను తేవడం మరిచారు. అదే కారణం. లినక్స్‌ను ఉచితంగా అందించే డెబియన్ వాళ్లు తమ 12.3 విడుదలను ఆపి, ఎవరూ అప్‌డేట్ చేయొద్దని బహిరంగంగా చెప్పి, సరిచేసిన 12.4ను డిసెంబరు 10న ఇచ్చారు. కరెంటు వచ్చాక నేను చేసిన మొదటి పని ఆ హెచ్చరిక చదివి, నా దగ్గరున్న మెషిన్లలో అప్‌డేట్ ఆపడం. తప్పు దాచకపోవడం వల్ల నాలాంటివాళ్లకు ఎంత మేలో అప్పుడు బాగా తెలిసింది.

ఇప్పుడు నేను అడిగేది రెండు విషయాలు.

మొదటిది మన కాలేజీల గురించి. నెల్లూరులో విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం ఉంది, ఒంగోలులో ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయం, ట్రిపుల్ ఐటీ ఉన్నాయి, రెండు జిల్లాల్లోనూ ఇంజనీరింగ్ కాలేజీలకు కొదవ లేదు. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టులంటే బయట కొనుక్కుని, కవర్ పేజీ మార్చి ఇచ్చేవే ఎక్కువ. వాటి బదులు ఫైల్ సిస్టమ్‌లను పరీక్షించే పని పెట్టొచ్చు. దీనికి ఖరీదైన ల్యాబ్ అక్కర్లేదు. మామూలు ల్యాప్‌టాప్‌లో వర్చువల్ మెషిన్ (కంప్యూటర్‌లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే మరో కంప్యూటర్) చాలు. ఎక్స్ఎఫ్ఎస్‌టెస్ట్స్ అనే పరీక్షల సంపుటి ఉచితంగా దొరుకుతుంది. కావాలని లోపాలిచ్చే, రాయమన్నది రాయకుండా వదిలేసే నకిలీ డిస్కును సృష్టించే డీఎం-ఫ్లేకీ లినక్స్‌లోనే ఉంది. దానితో డిస్కు చెడిపోతే మీ ఫైల్ సిస్టమ్ ఏం చెబుతుందో ఇంట్లో కూర్చుని చూడొచ్చు.

పిల్లల వల్ల ఏమవుతుందని అనేవాళ్లకు ఒక ఉదాహరణ. ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో విద్యార్థులు, వాళ్ల గురువు కలిసి క్రాష్‌మంకీ అనే పరికరం తయారుచేశారు. కొత్తగా ఫార్మాట్ చేసిన ఖాళీ ఫైల్ సిస్టమ్ మీద మూడు పనులకు మించకుండా చేసి, మధ్యలో కరెంటు పోయినట్టు చూపి, ఏం మిగిలిందో చూడటం దాని పద్ధతి. ప్రపంచమంతా వాడే ఫైల్ సిస్టమ్‌లలో పది కొత్త లోపాలు దొరికాయి, వాటిలో ఏడు 2014 నుంచీ ఎవరికీ కనిపించకుండా ఉన్నవి. 2018లో వాళ్లు ఆ ఫలితాలు ప్రచురించారు. కరెంటు పోవడం అంటే ఏమిటో మన పిల్లలకు ఎవరూ నేర్పనక్కర్లేదు కదా. లోపం చిన్నదైనా సరే, దాన్ని మళ్లీ రప్పించే పద్ధతితో సహా రాసి పంపితే లినక్స్ ఫైల్ సిస్టమ్‌లు రాసేవాళ్లు చదువుతారు, జవాబిస్తారు. ఆ జవాబు ఒక్కటి సర్టిఫికెట్ల కట్టకంటే ఎక్కువ నేర్పుతుంది.

వేగం వైపు పని చేసేవాళ్లకూ చోటుంది. ఒకప్పుడు లినక్స్‌లో ఫైల్ చదివిన ప్రతిసారీ, చదివిన సమయాన్ని డిస్కు మీద రాసేది. అంటే చదవడం కూడా రాయడమే అయ్యేది. 2009లో రిలేటైమ్ అనే, ఆ సమయాన్ని ప్రతిసారీ రాయని పద్ధతిని మామూలు సెట్టింగ్ చేశాక ఆ భారం చాలావరకు పోయింది, డేటాకు ఏ ప్రమాదమూ రాలేదు. ఇలాంటి వృథా పనులు వెతికి తీసేసేవాళ్లు కావాలి. ఎఫ్‌సింక్ తీసేసి వేగం చూపించేవాళ్లు అక్కర్లేదు.

రెండోది, కంప్యూటర్లు కొనే ల్యాబులు, సొసైటీలు, ఆఫీసుల గురించి. కొటేషన్‌లో ర్యామ్ ఎంత, ప్రాసెసర్ ఏది అని రాయిస్తారు. డిస్కు పాడైతే మాకు ఎలా తెలుస్తుంది అని కూడా రాయించండి. ఈఎక్స్‌టీ4లో తన లెక్కలు (ఏ ఫైల్ ఎక్కడుందనే వివరాలు) తప్పాయని తెలిసినప్పుడు ముందుకు సాగాలా, రాయడం ఆపేయాలా అనే సెట్టింగ్ ఉంది. సిస్టమ్ ఉన్న భాగానికి డెబియన్ ఇన్‌స్టాలర్ 'ఆపు' అని పెడుతుంది. డేటా కోసం తర్వాత కలిపిన డిస్కుకు మాత్రం ఎవరూ పెట్టకపోతే 'ముందుకు సాగు' అనే ఉండిపోతుంది. నేను చూసిన చాలా చోట్ల అలాగే ఉంది. మార్చడానికి ఒక లైన్ చాలు.

పాత రిపోర్టులు, ఫొటోలు ఏళ్ల తరబడి దాచేవాళ్లు జెడ్ఎఫ్ఎస్ గానీ బీటీఆర్ఎఫ్ఎస్ గానీ అనే ఫైల్ సిస్టమ్‌ను, ఒకే డేటా రెండు డిస్కుల మీదా ఉండేలా వాడితే మంచిది. ఇవి డేటాకు కూడా చెక్‌సమ్ (డేటా మారిందో లేదో పట్టిచ్చే అంకె) రాస్తాయి. ఈఎక్స్‌టీ4, ఎక్స్ఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌లు తమ సొంత లెక్కలకు మాత్రమే రాస్తాయి. స్క్రబ్ అనే పని అప్పుడప్పుడు నడిపితే ఉన్నదంతా చదివి, ఒక డిస్కులో చెడింది రెండో డిస్కు నుంచి సరిచేస్తుంది. డేటాబేస్ పనులకు ఇవి కొంచెం నెమ్మదిగా ఉండొచ్చు. దాచుకునే డేటాకు ఆ నెమ్మది లెక్కలోది కాదు. అలాగని బ్యాకప్ మానేయకండి. జెడ్ఎఫ్ఎస్‌లోనూ కాపీ చేసిన ఫైళ్ల మధ్యలో సున్నాలు చేరే లోపం 2023 నవంబరులో బయటపడి, ఆ నెలాఖరులో సరిచేసిన వెర్షన్లు వచ్చాయి. చదివేటప్పుడే తప్పుగా చదివిన డేటాకు చెక్‌సమ్ సరిగ్గానే ఉంటుంది మరి.

మీ జిల్లా పేజీలో సీడ్ ధర, కౌంట్ ధర రోజూ వేస్తున్నారు. ల్యాబులు రిపోర్టులు ఎలా దాస్తున్నాయో ఒకసారి మీ విలేకరులను పంపి అడిగించండి. వాళ్లకు సాంకేతిక సహాయం కావాలంటే నేను వెంట వస్తాను.

ఇట్లు,
ఒక కంప్యూటర్ మెకానిక్,
కావలి, నెల్లూరు జిల్లా.