లైటు ఆర్పితే ఇంజిన్ బాగైనట్టేనా?

సంపాదకుల వారికి,

సరిహద్దు చెక్‌పోస్టు వద్ద కాలుష్య ధ్రువపత్రం లేని బండ్లకు జరిమానాలు రాస్తున్నారన్న వార్తను, సైలెన్సర్ దగ్గర వంగి చూస్తున్న అధికారుల ఫొటోతో సహా, గత వారం మీ జిల్లా పేజీలో చదివాను. తనిఖీలు వద్దని నేననను. అయితే బండి యజమాని వద్ద 10 వేల రూపాయల దాకా వసూలు చేసే సెక్షన్ కంఠతా వచ్చిన వారికి, ఆ బండిని బాగుచేశామని బిల్లు కట్టించుకున్న సర్వీస్ సెంటర్ల వైపు ఒక్కసారైనా తొంగిచూడాలని ఎందుకు తోచదో అర్థం కాదు.

ఒడిశాలోని రాయగడలో ఉంటున్న నాబోటివారిలో చాలామందిమి కంపెనీ సర్వీసు కోసం సరిహద్దు దాటి ఆంధ్రా పట్నాలకే పోతుంటాం. నా పెట్రోలు కారు ఐడిలింగ్‌లో వణకడం, ఎత్తు ఎక్కేటప్పుడు పికప్ చచ్చిపోవడం, చెక్ ఇంజిన్ లైటు ఆరుతూ వెలుగుతూ ఉండడం చూసి అక్కడికే తీసుకెళ్లాను. ఆ లైటు నిలకడగా వెలిగితే చూపించుకోమని అర్థం; టపటప కొట్టుకుంటే మాత్రం ఇంజిన్ మిస్సవుతోందని, అంటే ఏదో సిలిండర్‌లో పెట్రోలు సరిగా మండడం లేదని, కాలని పెట్రోలు పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి దాన్ని మాడ్చేస్తుందని అర్థం. ఈ సంగతి తెలియాల్సిన సర్వీస్ అడ్వైజర్ చేతిలోని ట్యాబ్ మీంచి తలెత్తకుండా థ్రాటిల్ బాడీ క్లీనింగ్, ఇంజెక్టర్ క్లీనింగ్, కొత్త ఆక్సిజన్ సెన్సార్ అని రాసేశారు. బండి కంప్యూటర్ నమోదు చేసుకున్న లోపం కోడ్‌ను స్కానర్‌తో చెరిపేసి, లైటు ఆరింది చూడండంటూ తాళాలు చేతిలో పెట్టారు. కోడ్ చెరిపితే లైటు ఎవరికైనా ఆరుతుంది. రాయగడ చేరకముందే అది మళ్లీ వెలిగింది. ఫోన్ చేస్తే మీ ఒడిశా పెట్రోలు మంచిది కాదని సెలవిచ్చారు! 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు దేశమంతటా పోస్తుంటే, నా ఇంజిన్ ఒక్కటే రాష్ట్ర సరిహద్దును పసిగట్టిందన్నమాట.

చివరికి ఊళ్లోని షెడ్డు మెకానిక్ స్టీరింగ్ కింద ఉన్న 16 పిన్నుల సాకెట్‌కు చిన్న స్కానర్ తగిలించి చూస్తే పీ 0302 అని వచ్చింది. రెండో సిలిండర్ మిస్సవుతోందని దానర్థం. ఏ భాగం పోయిందో మాత్రం కోడ్ చెప్పదు. ప్లగ్గో, కాయిలో, ఇంజెక్టరో, కంప్రెషనో పరీక్షించి తేల్చుకోవాలి. ఆయన రెండో సిలిండర్ ప్లగ్గుకు కరెంటు అందించే ఇగ్నిషన్ కాయిల్‌ను మూడోదానికి, మూడోదాని కాయిల్‌ను రెండోదానికి మార్చి, కోడ్ చెరిపి, బండిని కాస్త తిప్పి తెచ్చారు. ఈసారి పీ 0303 వచ్చింది. కాయిల్‌తో పాటే జబ్బు కూడా కదిలింది గనుక దోషం కాయిల్‌దేనని తేలిపోయింది. కాయిల్ మార్చాక వణుకు పోయింది. సిలిండర్ మండనప్పుడు వాడకపోయిన ఆక్సిజన్ బయటికి వస్తుంది, సెన్సార్ ఆ మాటే కంప్యూటర్‌కు చెబుతుంది. సాక్షి చెప్పింది నచ్చక సాక్షినే మార్చినట్టు, నిజం చెప్పిన సెన్సార్‌ను పీకి నాచేత కొత్తది కొనిపించారు.

చట్టాలకు కొదవలేదు. విడిభాగాలనూ డయాగ్నస్టిక్ పరికరాలనూ బయటి మెకానిక్‌లకు అందనివ్వడం లేదని మార్కెట్లో పోటీ సక్రమంగా ఉండేలా చూసే కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల రూపాయల జరిమానా వేసింది. అది అప్పీళ్లలో పడి నలిగింది. 2022 డిసెంబరులో కేంద్రం ‘రైట్ టు రిపేర్’ (బాగుచేయించుకునే హక్కు) పోర్టల్ ప్రారంభించి వాహనాలనూ అందులో చేర్చింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అమ్మినవాడు ఎక్కడున్నా మనం నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు, చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే రుసుము కూడా లేదు. సరిహద్దు జిల్లాల వాళ్లకు ఇంతకన్నా పనికొచ్చే నిబంధన మరొకటి లేదు. కానీ చెప్పేవారేరీ? ఇక్కడి కార్యాలయంలో అడిగితే దుకాణం ఆంధ్రాలో ఉందంటారు, అక్కడ అడిగితే మీది ఓడీ 18 (రాయగడ రిజిస్ట్రేషన్) బండి కదా అంటారు. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు గీసిన ఈ సరిహద్దు గీత జరిమానాలకు మాత్రం ఎన్నడూ అడ్డుపడలేదు.

రెండు రాష్ట్రాల రవాణా శాఖలనూ నేను కోరేది పెద్ద పనేమీ కాదు. బండి లోపలికి పోయినప్పుడు వచ్చిన కోడ్, దాని మీద చేసిన పరీక్ష, ఏ భాగాన్ని ఎందుకు మార్చారన్న కారణం జాబ్ కార్డు మీద రాసి యజమాని సంతకం తీసుకున్నాకే పని మొదలుపెట్టాలని, తీసేసిన పాత భాగాన్ని తిరిగి ఇవ్వాలని ప్రతి సర్వీస్ సెంటర్‌ను కట్టడి చేయాలి. నా పాత సెన్సార్ ఏదని అడిగితే తుక్కులో వేశామన్నారు.

బిల్లు, జాబ్ కార్డు నకళ్లు జతపరుస్తున్నాను. విషయం ఇక్కడి జిల్లా కమిషన్ ముందుకు వెళ్లబోతున్నందున సర్వీస్ సెంటర్ పేరు ప్రచురించవద్దని మనవి.

– ఒక పాఠకుడు, రాయగడ, ఒడిశా