ఎండుచేపలకు కరెంటు కావాలి సార్: విద్యుత్ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గొట్టిపాటి రవికుమార్ గారికి నమస్కారం.

మాది నెల్లూరు జిల్లా, మైపాడు వైపు ఒక పట్టపుపాలెం, అంటే చేపలు పట్టేవాళ్ల ఊరు. మీరు అద్దంకి వాళ్లు, ఎండుచేప గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. కానీ అది ఎండటం వెనక మా ఆడవాళ్లు పడే తంటా ఎవరి ఫైల్లోనూ ఉన్నట్టు లేదు, అందుకే రాస్తున్నా.

2024 అక్టోబరులో మీ ప్రభుత్వం క్లీన్ ఎనర్జీ పాలసీ తెచ్చింది. 10 లక్షల కోట్ల పెట్టుబడి, 7.5 లక్షల ఉద్యోగాలు అన్నారు. 2025 ఏప్రిల్‌లో కనిగిరి దగ్గర దివాకరపల్లిలో లోకేశ్ గారు బయోగ్యాస్ ప్లాంటుకు శంకుస్థాపన కూడా చేశారు. సంతోషం, మెట్ట ఊళ్లకు మంచి జరిగితే మాకేం కడుపుమంట లేదు. కాకపోతే భూమి ఉన్నవాడికి లీజు, చదువుకున్నవాడికి ఉద్యోగం, మరి సెంటు నేల లేకుండా ఇసక మీద బతికేవాళ్లకు ఏంటి సార్?

ఇంటి మీద సోలార్ పెట్టుకోమంటారు. 2 కిలోవాట్లకు కేంద్రం 60 వేలు ఇస్తుంది, బీసీలకు రాష్ట్రం ఇంకో 20 వేలు కలుపుతుంది. బాగానే ఉంది. రెండు లైట్లు, ఒక ఫ్యాను, ఒక టీవీ ఉన్న ఇంటికి వచ్చే బిల్లెంత, అందులో మిగిలేదెంత? మాకు బిల్లు తగ్గించే కరెంటు కన్నా నాలుగు డబ్బులు తెచ్చే కరెంటు ముందు కావాలి.

మా దగ్గర పని ఎలా జరుగుతుందో చెప్తా. తెల్లారి బోట్లు ఒడ్డుకొస్తే వేలంపాటలో అమ్ముడుపోని నెత్తళ్లు, కవళ్లు, చిన్న రొయ్యలు ఆడవాళ్ల వంతు. పాత వలలు, పట్టలు పరిచి ఇసక మీద ఆరబోస్తారు. కాకులు, కుక్కలు, ఈగలు, అన్నిటినీ తోలుకుంటూ తిరగేస్తూ పొద్దుగూకేదాకా అక్కడే. మబ్బు పట్టిందంటే ఎక్కడి పని అక్కడ వదిలేసి పరుగే, ఎందుకంటే ఒక్క జల్లు పడితే నెత్తళ్లు మెత్తబడి వాసనొస్తాయి, ఇక వాటిని తినడానికి ఎవరూ కొనరు, కోళ్ల దాణాకి పోతాయి, ఆ రేటు చెప్పుకుంటే సిగ్గు.

అసలు చిక్కు ఇంకోటి ఉంది. ఎండలు మండిపోయే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, ఇంజన్ బోట్లు కదలవు. ఎండ ఉన్నప్పుడు చేప ఉండదు. మళ్లీ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, రాష్ట్రంలో చాలా చోట్ల వానలు తగ్గే టైములో, మాకు ఈశాన్య రుతుపవనాలు. దానికి తోడు కార్తీకమాసం, సగం ఇళ్లలో నీచు ముట్టరు, పచ్చి చేప రేటు పడిపోతుంది. ఎండబెట్టక తప్పదు, ఎండబెడదామంటే ఎండ లేదు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వచ్చినప్పుడు ఎంత సరుకు పారబోశామో దేవుడికే తెలుసు.

దీనికి మందు లేక కాదు. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక పరిశోధన సంస్థ వాళ్లు ఎండ ఉన్నంతసేపు సోలార్ మీద, లేనప్పుడు గ్యాస్ మీదో కరెంటు మీదో నడిచే డ్రయర్లు ఎప్పుడో తయారుచేశారు. మూత ఉంటుంది కాబట్టి ఈగ వాలదు, ఇసక అంటదు. ఇసక లేని సరుకుకి పట్నంలో రేటే వేరు. చిన్న ఆహార పరిశ్రమలకు కేంద్ర పథకంలో 35 శాతం సబ్సిడీ ఉంది, మత్స్య సంపద యోజనలో ఆడవాళ్లకు 60 శాతం దాకా ఉంది. డబ్బు మత్స్యశాఖలో, సోలార్ మీ దగ్గర, పొదుపు సంఘాలు సెర్ప్‌లో, అదే గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థలో. మూడు ఆఫీసులూ తిరిగే ఓపిక గంప దించని మనిషికి ఎక్కడిది? ఆ ముగ్గురినీ ఒక టేబుల్ దగ్గర కూర్చోబెట్టే పని మీరు చేయండి.

కాకపోతే బిగించి ఫొటో దిగి వెళ్లిపోవద్దు. పక్క పాలెంలో ఒకసారి ఎవరో డ్రయర్ పెట్టారు, ఉప్పు గాలికి ఇనుము తుప్పు పట్టింది, ఫ్యాను పోయింది, బాగుచేసేవాడు లేడు, ఇప్పుడు అందులో వలలు దాచుకుంటున్నారు. తుప్పు పట్టని సరుకు వాడించండి, మా ఐటీఐ పిల్లల్లో ఇద్దరికి రిపేరు నేర్పించండి, మెయింటెనెన్స్ ఐదేళ్లు కాంట్రాక్టరు మెడకే కట్టండి.

ఇక మీ చేతిలోనే ఉన్న మాట. ఆక్వా జోన్‌లో రొయ్యల చెరువులకు యూనిట్ రూపాయిన్నరకు ఇస్తున్నారు. మబ్బు రోజున డ్రయర్ నడిపే ఆడవాళ్లకూ అదే రేటు ఇవ్వండి, కమర్షియల్ మీటరు పెట్టి మొదటి బిల్లుకే వాళ్లను బెదరగొట్టకండి.

పరిశీలనకు ఆఫీసర్లను పంపితే మాత్రం వేసవిలో వద్దు సార్. అప్పుడు బోట్లు ఒడ్డునుంటాయి, ఎండ దంచుతుంటుంది, ఏ కష్టమూ కనపడదు. నవంబరులో ముసురు పట్టిన రోజు చూసి పంపండి, ఒక పాలేనికి ఎంత పెద్ద డ్రయర్ కావాలో అక్కడికక్కడే లెక్క తేలుతుంది.

ఇట్లు,
మైపాడు తీరం నుంచి ఒక ఎండుచేపల కుటుంబం