తీగ తెగితే ఎవరికి చెప్పుకోవాలి?

సంపాదకుల వారికి,

నమస్కారం. సోంపేట దగ్గర ఓ పల్లెలో చిన్న నెట్ షాపు నడుపుతున్నాను. జిరాక్సులు, అడంగల్ ప్రింట్లు, పీఎం కిసాన్ ఈ-కేవైసీలు, పిల్లల దరఖాస్తులు, ఇదే నా బతుకుతెరువు. ఊరూరికీ ఫైబర్ (నెట్ తెచ్చే గాజుపోగుల తీగ) వేయడానికి ప్రభుత్వం డబ్బు పెట్టాలా వద్దా, ఇన్నాళ్ళూ పెట్టింది ఏమైంది అని నాయకులు అనుకుంటున్న మాటలు మీ పత్రికలో చదువుతూనే ఉన్నాను. రాష్ట్ర ఫైబర్‌నెట్ పథకం కింద నెలకు 149 రూపాయలకే ఫోను, టీవీ, నెట్ ఇచ్చిన ఘనత మాది అని ఒకరు. ఆ టెండర్లలోనే మోసం జరిగిందని ఇంకొకరు. దాని సంగతి కోర్టులు చూసుకుంటాయి. నా గోడు వేరే.

పోయిన వానాకాలం మా రోడ్డు పక్కన మంచినీళ్ళ పైపుకని జేసీబీతో తవ్వారు. ఉదయం పదకొండింటికి నెట్ పోయింది. వెళ్ళి చూద్దును కదా, నల్ల గొట్టం ముక్కొకటి మట్టిలోంచి పైకి లేచి ఉంది. చివర తల వెంట్రుకల్లాంటి సన్నటి పోగులు. తవ్విన కుర్రాళ్ళని అడిగితే ఇక్కడ కేబుల్ ఉందని మాకెవరూ చెప్పలేదన్నారు. కనెక్షన్ ఇచ్చినవాళ్ళకి ఫోన్ చేస్తే, తెంపినవాళ్ళు డబ్బు కడితేనే అతుకుతామన్నారు. పైపు కాంట్రాక్టరు ఫోనే ఎత్తలేదు. ఎవరి పేరూ రాయను, ఎందుకంటే పేర్లు మారినా కథ ఇదే. తొమ్మిది రోజులు అలాగే ఉంది.

ఆ తొమ్మిది రోజుల్లోనే ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ వెబ్ ఆప్షన్ల గడువు ముగిసింది. మా వీధి అమ్మాయి ఒకతె, తండ్రి చెన్నైలో తాపీ పనికి వెళ్ళాడు, తల్లిని తోడు తీసుకుని ఆటో ఎక్కి సోంపేట వెళ్ళి రాత్రి ఎనిమిదింటికి తిరిగొచ్చింది. కాలేజీల వరుస మార్చుకోవాలనిపించి మర్నాడు మళ్ళీ వెళ్ళింది. మా ఎదురింటి ముసలమ్మ రోజూ షాపు ముందు ఆగి, "ఏటి బాబూ, ఈయేళ కూడా నెట్టు నేదా?" అని అడిగేది. ఆవిడకి కావలసింది ఒక్క వేలిముద్ర. అదొక్కటేనా? రేషన్, పింఛను, ఉపాధి హామీ మస్టర్ (హాజరు) ఫొటో, అన్నింటికీ సిగ్నల్ తప్పనిసరి చేసింది ప్రభుత్వమే. అలాంటప్పుడు సిగ్నల్ తెచ్చే తీగ ప్రభుత్వం పని కాదనడం ఎలా కుదురుతుంది?

ప్రైవేటు కంపెనీలు చూసుకుంటాయిలే, 5జీ వచ్చేసింది, రేపు ఉపగ్రహం నుంచి నెట్ వస్తుంది, ఇంకా మట్టిలో తీగలెందుకు అనేవాళ్ళకి రెండు మాటలు. టవరుకైనా వెనక నుంచి ఫైబర్ ఉంటేనే అసలు వేగం. రెండోది, ఈ డబ్బు ఎక్కడిదో కూడా చూడాలి. టెలికాం కంపెనీల ఆదాయంలో 5 శాతం గ్రామీణ సేవల కోసమని వసూలు చేసే నిధి ఉంది. దాని పేరు మొన్నటిదాకా యూఎస్‌ఓ (సార్వత్రిక సేవా బాధ్యత) నిధి, ఇప్పుడు డిజిటల్ భారత్ నిధి. అంటే మనం రీఛార్జి చేయించుకున్న ప్రతిసారీ పల్లె పేరు మీద కొంత కడుతూనే ఉన్నాం.

అయితే తప్పు జరగలేదని నేను అనను. రెండున్నర లక్షల పంచాయతీలకు తీగ వేస్తామని కేంద్రం ఒప్పుకున్నది 2011 అక్టోబరులో. రెండేళ్ళలో అయిపోతుందన్నారు. 2015లో భారత్‌నెట్ అని పేరు మార్చారు. 2023 ఆగస్టులో 1,39,579 కోట్లతో మళ్ళీ సవరించారు. ఇన్నేళ్ళూ ఎన్ని కిలోమీటర్లు వేశామన్న లెక్కే గానీ, వేసింది ఇవాళ వెలుగుతోందా అన్న లెక్క ఎవరూ అడగలేదు. మొదట్లో వేసిన లైన్లు చాలావరకు తోరణంలా ఒకే వరుసలో పోతాయి. మధ్యలో ఒక్కచోట తెగితే ఆ తర్వాత ఊళ్ళన్నీ చీకటే. సవరించిన పథకంలో రింగులా కలుపుతామంటున్నారు. ఒక పక్క తెగినా రెండో పక్క నుంచి వస్తుంది. పదేళ్ళ నిర్వహణ కూడా కాంట్రాక్టులోనే పెట్టారు. ఇది మంచి మార్పు. నిర్వహణ డబ్బు దగ్గర మాత్రం కోత పెట్టకూడదు.

మా ఉద్దానం (మా జిల్లా తీరం వైపు తోటల ప్రాంతం) వాళ్ళకి ఇంకో భయం ఉంది. కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగితే ఖర్చు తక్కువ, పనీ త్వరగా అవుతుంది, నిజమే. కానీ 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను వచ్చి వెళ్ళాక మా వైపు స్తంభాలు ఎలా పడున్నాయో చూసినవాళ్ళం. కొబ్బరి, జీడి చెట్లతో పాటే నేల మీద. తీరం వెంబడి మండలాలకి స్తంభాల దారి ఒక్కటే ఉంటే చాలదు. తుపాను రోజునే కదా నెట్ ఎక్కువ అవసరం.

విశాఖకి గూగుల్ డేటా సెంటర్ వస్తోందని, సముద్రం అడుగు నుంచి కేబుళ్ళు వస్తాయని విని సంతోషించాం. అసూయేమీ లేదు. ఆ కేబుల్ తెగితే ఓడ వేసుకుని వెళ్ళి నడిసముద్రంలో పైకి లాగి అతికిస్తారట. మా రోడ్డు పక్క తీగకి ఒక మనిషి మోటారు సైకిల్ మీద రావడానికి తొమ్మిది రోజులు పట్టింది.

అందుకని అన్ని పార్టీల వారికీ నాదొకటే మనవి. ఏ పంచాయతీలో లైను ఎన్ని గంటలు పనిచేసిందో ప్రతి నెలా సచివాలయం బోర్డు మీద పెట్టించండి. రోడ్డు తవ్వే ముందు కేబుల్ వాళ్ళకి కబురు చెప్పకపోతే బిల్లు ఆపండి. తెగితే ఎవరికి ఫోన్ చెయ్యాలో ఒక్క నెంబరు ఇవ్వండి, మనిషి ఎత్తే నెంబరు. దాన్ని పంచాయతీ గోడ మీద పెద్దక్షరాలతో రాయించే పెయింటు ఖర్చు నేనే పెట్టుకుంటాను.

ఇట్లు,
ఒక నెట్ షాపు యజమాని,
సోంపేట మండలం, శ్రీకాకుళం జిల్లా