నారింజ రంగు నిక్కర్లు

చి.ల.సౌ. పద్మకు,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ మేం క్షేమం. మీ అమ్మ మోకాలు యథాప్రకారం. గాలికి కొత్తపల్లి కొబ్బరి మామిడి కాయ చాలా రాలిపోయింది, అయినా ఆవకాయ పెట్టేశాం. జాడీకి వాసెన కట్టి బస్సులో పంపుతున్నాను. అల్లుడుగారిని తీసుకోవడానికి వెళ్లమను, నువ్వు ఎండలో వెళ్లకు.

ధవళేశ్వరంలో నీళ్లు కట్టేశారు. మన కాలువ అడుగున పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. రాజుగారి మనవలు సెలవులకు వచ్చారు, ఇంట్లో ఒక్క క్షణం ఉండరు. మొన్న మీ పిన్ని కూడా ఫోను చేసి ఏదో అంది. ఆవిడ మాటల్లో సగం ఎప్పుడూ తీసెయ్యాలి, అది నీకు తెలిసిందే. అందుకని నేనేమీ అడగడం లేదు. నువ్వు ఫోను చేసి చాలా రోజులైంది, పని ఎక్కువగా ఉందేమో అనుకున్నాం.

మీ అపార్టుమెంటు కొలను వీడియో అల్లుడుగారు పంపితే చూశాం. చిన్నా బాగా ఆడుతున్నాడు. మీ అమ్మ వాడి పొట్ట చూసి మురిసింది. నేను మాత్రం వెనకాల చూశాను. కుర్చీల్లో ఏడెనిమిది మంది పెద్దవాళ్లు, అందరి వీపులూ నీళ్లవైపే. నువ్వు ఫోనులో తీస్తున్నావు సరే, తీసేవాళ్లు చూస్తున్నట్టు కాదమ్మా. ఆ చిన్న తెరలో పిల్లవాడు కనిపిస్తాడు కానీ పక్కనే ఉన్న నాలుగడుగుల లోతు కనిపించదు.

చేతులకు ఆ గాలిబుడగలు కట్టావు. అవి ఆటవస్తువులు. గాలి పోవచ్చు, తడి చేతుల్లోంచి జారిపోవచ్చు. పైగా నీళ్లే తనను మోస్తాయని పిల్లవాడికి నమ్మకం కుదురుతుంది, అవి లేని రోజు కూడా అదే నమ్మకంతో దూకుతాడు. కొనాలంటే వాడి బరువుకు సరిపోయే అసలైన లైఫ్ జాకెట్ కొను. అది తొడిగినా పెద్దవాళ్లు చెయ్యి చాచితే అందేంత దూరంలోనే ఉండాలి. ఈత మాస్టారి దగ్గర వెయ్యి, మంచిదే. కానీ నాలుగేళ్లవాడికి ఈత వచ్చిందంటే మునగడని కాదు.

మీ బాబాయి సంగతి నీకు సగమే తెలుసు. మీ చిన్న మేనత్త పెళ్లికి మగపెళ్లివారు దిగిన మధ్యాహ్నం, మామిడి తోటలో భోజనాలయ్యాక జనమంతా చెరువు గట్టు మీద చేరారు. వియ్యంకులవారు చుట్టలు కాలుస్తున్నారు, మీ తాతగారు కట్నం గడియారం గురించి ఎవరికో సర్దిచెబుతున్నారు. మా పెద్దమ్మ వడియాల గురించి మొదలుపెట్టింది, ఆవిడ మొదలుపెడితే తెలుసుగా. రేవు మెట్ల మీద పిల్లలు, వాళ్లలో ఆరేళ్ల మీ బాబాయి, వీపుకు సొరబుర్ర కట్టుకుని. ఆ తాడు ఎప్పుడు వదులైందో ఎవరూ చూడలేదు. గట్టు మీద అంతమంది ఉన్నారు కనుక ఎవరో ఒకరు చూస్తూనే ఉంటారని ప్రతివాళ్లూ అనుకున్నారు. కేక లేదు, చేతులు ఊపడం లేదు. తల వెనక్కి వాల్చి, నోరు నీటిమట్టానికి వచ్చి, లేని నిచ్చెన ఎక్కుతున్నట్టు రెండు చేతులతో నీళ్లను కిందికి నొక్కుతున్నాడట. అవతల గేదెలు కడుగుతున్న వెంకన్న, ఆడుకునే పిల్లవాడు అంత నిశ్శబ్దంగా ఉండడమేమిటని అనుమానించి దూకాడు. లేకపోతే ఆ రోజు పెళ్లి లేదు.

పైకి తెచ్చాక ఇంకో గండం. పెద్దలు వాడిని తలమీద ఎత్తుకుని గిరగిరా తిప్పడానికి సిద్ధమయ్యారు, నీళ్లు కక్కించాలని. నేవీలో పనిచేసి వచ్చిన కాంపౌండరుగారు అందరినీ తోసేసి, గట్టు మీద వెల్లకిలా పడుకోబెట్టి, ముక్కు మూసి నోట్లోకి గాలి ఊదారు. మా పెద్దమ్మ ఎంగిలి అని కూడా అంది! కాసేపటికి వాడు దగ్గి, ఏడ్చి, మా మేనత్త పట్టుచీర మీదే కక్కాడు. ఇప్పటికీ మీ బాబాయి తలమీద చెంబుతో నీళ్లు పోసుకోడు.

ఈ కథంతా ఎందుకంటావు. ఊరికే, పెళ్లిళ్ల కాలం కదా, గుర్తొచ్చింది.

ఒక్క మాట చెప్పి ఆపేస్తాను. నీళ్ల దగ్గర ఒక మనిషిని పేరు పెట్టి చెప్పండి, ఈ పావుగంట చూడవలసింది ఫలానావాళ్లని. ఆ మనిషి ఫోను ముట్టకూడదు, కాఫీకి లేవకూడదు. లేవాలంటే ఇంకొకరికి అప్పగించి లేవాలి. వాచ్‌మన్ గేటు చూస్తాడు, పిల్లల్ని కాదు. నీళ్లు లాగే జాలీ దగ్గరికి పాపను పోనివ్వకు, ఆ పొడుగు జడ ముడి వెయ్యి. మునిగి ఎవరు ఎక్కువసేపు ఊపిరి బిగబడతారో అనే పందెం అసలే వద్దు. ఇంట్లో బకెట్లో నీళ్లు నిలవ ఉంచకు, నీ చంటిది పాకుతోంది, దానికి జానెడు లోతు చాలు. 2021లో ప్రపంచంలో దాదాపు 3 లక్షల మంది నీట మునిగి పోయారనీ, అందులో నాలుగో వంతు ఐదేళ్ల లోపువాళ్లేననీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిందట, పేపర్లో చదివాను. మీ అమ్మకు చదివి వినిపించలేదు.

అల్లుడుగారి ఆఫీసులో ఊపిరి ఊదడం, గుండె నొక్కడం నేర్పుతారని అన్నారుగా, నువ్వూ నేర్చుకో. నీట మునిగినవాళ్లకు ముందు కావలసింది ఊపిరి. పొట్ట నొక్కనివ్వకండి. ఒకరు ఆ పనిలో ఉండగా ఇంకొకరు 108కి చెయ్యాలి. లేచి కూర్చున్నా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. నువ్వు తీసుకెళ్లావా అని అడగడం లేదు. దగ్గు ఉందని మాత్రం పిన్ని అంది.

జాడీతో పాటు చిన్నాకి రెండు నారింజ రంగు నిక్కర్లు పెట్టాను, అమలాపురంలో కొన్నాను. ఆ జారుడు గుడ్డవే, నూలువి కావు. వీడియోలో వాడు వేసుకున్న నీలం నిక్కరు నీళ్లలో కలిసిపోయింది. నాలుగుసార్లు ఆపి చూస్తే గానీ పిల్లవాడు ఎక్కడున్నాడో తెలియలేదు. రంగు బాగాలేదని పక్కన పడెయ్యకు.

పిల్లల్ని పంపుతానన్నావు, ఎప్పుడో రాయి. గోదావరికి మాత్రం తీసుకెళ్లను. ఇసుక తవ్విన చోట్ల మోకాటి లోతు దాటితే తాటిచెట్టు లోతు, చూపుకు తేడా తెలియదు.

ఇట్లు,
నాన్న

తా.క.: పెరటి నుయ్యికి ఇనప జాలీ వేయించాను. మేస్త్రీ ఎక్కువే తీసుకున్నాడు. తాళంచెవి మీ అమ్మ కొంగుకు ఉంటుంది. చిన్నాకి దగ్గు తగ్గిందో లేదో ఈ రాత్రికే ఫోను చేసి చెప్పు, తొమ్మిది దాటినా ఫరవాలేదు.