పార్కుల్లో పచ్చిక తగ్గించండి, నీడ పెంచండి

సంపాదకులకు నమస్కారం.

విశాఖలో కొత్త పార్కు అనగానే ప్లాను గేటు దగ్గర మొదలవుతుంది. ఆర్చి, ఫౌంటెన్, సెల్ఫీ పాయింటు, మధ్యలో పచ్చిక, చుట్టూ టైల్స్ వేసిన వాకింగ్ ట్రాక్, ఓ మూల ఓపెన్ జిమ్. మిగిలిన జాగాలో చెట్లు సర్దుకోవాలి. ప్రారంభోత్సవం నాటి ఫొటోలో అన్నీ బాగానే ఉంటాయి. ఏప్రిల్ వచ్చాక ఉదయం ఎనిమిది దాటితే అదే పార్కులో పది నిమిషాలు కూర్చోలేం. ఈ వరస తిరగబడాలి. ముందు నీడ, నేల, నీరు చూసుకోవాలి. ఆ తర్వాత నడక దారి, బల్లలు, మరుగుదొడ్లు. డబ్బు మిగిలితే ఆర్చి.

పెద్దవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు చురుగ్గా నడవడం లాంటి శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులన్నమాట. మన తీరంలో గాలి నిండా తేమ, పట్టిన చెమట ఆరదు. ఆ అరగంట నడక సాగాలంటే నీడ ఉండి తీరాలి. తెల్లవారుజామున రాగలిగినవాళ్లు ఎలాగూ వస్తారు. ఇంటిపని ముగించుకుని సాయంత్రం నాలుగింటికి వచ్చే ఆడవాళ్లకు, బడి వదిలాక వచ్చే పిల్లలకు పడమటి ఎండ నేరుగా తగులుతుంది. అందుకే నడక దారికి పడమర, దక్షిణం వైపుల్లో ముందు చెట్లు పడాలి. బాగా ఎదిగిన ఒక చెట్టు 25 అడుగుల వెడల్పున గొడుగు పడితే దాదాపు 45 చదరపు మీటర్ల నీడ వస్తుంది. ఎకరా అంటే 4,047 చదరపు మీటర్లు. సగం నేలకు నీడ కావాలంటే 45 చెట్లు చాలు. వందలకొద్దీ మొక్కలు కిక్కిరిసి నాటి లెక్క చూపించనక్కర్లేదు.

పచ్చిక ఖర్చు కూడా ఒకసారి లెక్కేయండి. వేసవిలో లాన్‌కి చదరపు మీటరుకు రోజుకు ఐదు లీటర్ల నీళ్లు కావాలి. ఎకరా లాన్ అంటే రోజుకు 20,000 లీటర్లు, అంటే ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు నాలుగు. కాలనీల్లో తాగునీటికి ట్యాంకరు కోసం చూసే రోజుల్లోనే ఇది జరుగుతుంది. పైగా వారం వారం కోసే గడ్డిలో తేనెటీగకు పువ్వు దొరకదు, పిట్టకు గింజ దొరకదు. పిల్లలు ఆడుకునే చోట లాన్ ఉండాల్సిందే. పార్కులో నాలుగో వంతు దానికి చాలు.

ఏ చెట్లు అన్నది తేల్చేముందు సముద్రం ఎంత దూరమో చూడాలి. బీచ్ రోడ్డును ఆనుకున్న పార్కుల్లో ఉప్పుగాలికి లేత ఆకు మాడిపోతుంది. అక్కడ గంగరావి, పొన్న, కానుగ, తాటి తట్టుకుంటాయి. లోపలికి వచ్చేకొద్దీ వేప, పొగడ, నేరేడు, రేల, మద్ది, మేడి పెట్టవచ్చు. మేడి, రావి, మర్రి పండితే ఊళ్లో పిట్టలన్నీ అక్కడే ఉంటాయి. కానీ వాటి వేళ్లు గోడల్నీ పైపుల్నీ వదలవు, కనీసం 50 అడుగులు ఎడం ఉండాలి. తురాయి, పచ్చతురాయి త్వరగా ఎదుగుతాయి గానీ కొమ్మ పెళుసు, పెనుగాలికి నిలవవు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఆ పాఠం గట్టిగానే నేర్పింది. ఆ తర్వాత త్వరగా నీడనిస్తుందని ఏడాకులపాలను విరివిగా నాటారు. అది మన దేశపు చెట్టే. కానీ వరసగా పదులకొద్దీ పెడితే పూతకాలంలో ఆ ఘాటుకి తలనొప్పి, ఆయాసం అంటూ ఫిర్యాదులు వస్తున్నాయి. ఉన్నవాటిని నరకాలని మేము అనడం లేదు. కొత్తగా బల్లల పక్కన, ఆసుపత్రుల దగ్గర పెట్టకండి. ఏ ఒక్క జాతీ మొత్తం చెట్లలో పది శాతం దాటకూడదన్నది పట్టణ వనాలు పెంచేవాళ్లు పాటించే లెక్క. ఒక తెగులు వస్తే పార్కంతా ఒకేసారి ఎండిపోకుండా ఉంటుంది. బయటి దేశాల నుంచి వచ్చిన కోనోకార్పస్ చెట్టు మాత్రం పూర్తిగా వద్దు. తెలంగాణ 2022లో, గుజరాత్ 2023లో దాన్ని నాటడం ఆపాయి.

నాటే తీరు వల్లే చాలా చెట్లు చచ్చిపోతున్నాయి. మన ఎర్రమట్టి నేల ఎండితే రాయిలా బిగుస్తుంది. పొక్లెయిన్‌తో తీసిన గోతికి గోడలు నున్నగా తయారవుతాయి. అందులో ఎరువు నిండా పోస్తే వేరు ఆ మెత్తని మట్టి దాటి బయటకు రాదు, కుండీలో తిరిగినట్టు గోతిలోనే చుట్టుకుంటుంది. పైకి పదిహేను అడుగులు ఎదిగిన చెట్టు తుపాను గాలికి వేళ్లతో సహా లేచి వచ్చేది ఇందుకే. గొయ్యి మూడడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల లోతు ఉండాలి. గోడల్ని గునపంతో గీరాలి. తవ్విన మట్టికి నాలుగో వంతు మాగిన పశువుల ఎరువు కలిపితే చాలు. కవరులో గుండ్రంగా చుట్టుకుపోయిన వేళ్లను నిలువుగా కోసి విప్పాలి. కాండం, వేరు కలిసే చోటు నేలమట్టానికి ఉండాలి, పూడిస్తే కుళ్లుతుంది. ఊతకర్రకు కొబ్బరితాడు వదులుగా కట్టి ఏడాదికి తీసెయ్యాలి. గాలికి కాస్త ఊగితేనే మాను బలపడుతుంది. నర్సరీ నుంచి లారీలో వచ్చే పన్నెండడుగుల చెట్లకు తల్లివేరు తెగిపోయి ఉంటుంది. నాలుగైదు అడుగుల మొక్క జులైలో నాటితే అక్టోబరు తుపాన్లలోపు వేరు పట్టుకుంటుంది. మొదటి వేసవి వారానికి రెండుసార్లు 20 లీటర్లు, రెండో వేసవి వారానికోసారి పోస్తే సరిపోతుంది.

వాన సంగతికొస్తే, ఐదు సెంటీమీటర్ల వాన పడితే ఎకరా మీద రెండు లక్షల లీటర్లు కురిసినట్టు. సిమెంటు, టైల్స్ మీద అందులో చాలా వరకు గెడ్డలోకి, అక్కణ్నుంచి సముద్రంలోకి పోతుంది. పార్కులో పల్లపు చోట ఎనిమిది అంగుళాల లోతున వెడల్పాటి గుంటలు తీసి, ఇసుక కలిపిన మట్టి వేసి, తడిని తట్టుకునే మొక్కలు పెట్టాలి. ముందు నేల ఇంకే వేగం చూడాలి. అడుగు లోతు గొయ్యి తీసి, ఒకసారి నింపి ఇంకనిచ్చి, మళ్లీ నింపి, గంటకు అంగుళం తగ్గుతోందో లేదో చూడండి. తగ్గకపోతే పైనుంచి పొర్లిపోయే నీటికి పైపు తప్పనిసరి. 48 గంటల్లో ఆరిపోయే గుంటలో దోమ పెరగదు, గుడ్డు దోమ కావడానికి మన వేడిలో వారం నుంచి పది రోజులు పడుతుంది. డెంగీ దోమకు అసలు నిలయాలు ఆగిపోయిన ఫౌంటెన్ తొట్టి, మూత లేని జిమ్ గొట్టాలు, పైకి లేచిన టైల్స్ కింద సందులు, పడేసిన కొబ్బరిబొండాలు. ఫౌంటెన్ నడిపించలేనప్పుడు కట్టకపోవడమే మేలు.

నడక దారి వెడల్పు ఆరడుగులకు తగ్గకూడదు, చక్రాల కుర్చీ పక్కనుంచి మనిషి నడవగలగాలి. కింద నాలుగంగుళాల కంకర, పైన రెండంగుళాల గ్రావెల్, రాతిపొడి కలిపి రోలరు తొక్కించాలి. ఒక పక్కకు వంద అడుగులకు రెండడుగుల లెక్కన వాలు ఇవ్వాలి, అంచుకు రాయి కట్టాలి. అంచు లేకపోతే మొదటి పెద్ద వానకే కొట్టుకుపోతుంది. నున్నటి టైల్స్ మీద వానాకాలం పాకుడు పట్టి ముసలివాళ్లు జారిపడుతున్నారు. తుంటి ఎముక విరిగిన మనిషికి పార్కు వల్ల ఆరోగ్యం రాలేదు. చెట్టు మొదలు చుట్టూ కనీసం మీటరు మేర కాంక్రీటు ఉండకూడదు. బల్లకు వీపు, చేతులు ఉండాలి, ఎత్తు అడుగున్నర, ప్రతి 150 అడుగులకు ఒకటి, నీడలో. నడక దారి పక్కన పొదలు మూడడుగులు దాటకూడదు, కొమ్మలు ఏడడుగుల పైన ఉండాలి. అప్పుడు చూపు ఆనుతుంది, ఆడవాళ్లు ధైర్యంగా నడుస్తారు. చిక్కటి పొదలు వెనక గోడ వైపు ఒకేచోట పెంచండి, పిట్టలకు కావాల్సిందీ అదే. దీపాలు పసుపు వెలుగువి, కిందికి పడేవి పెట్టి, పార్కు మూసే వేళకు ఆర్పెయ్యాలి. తీరం పక్క జిమ్ పరికరాలకు రంగు వేసిన మామూలు ఇనుము వాడితే త్వరలోనే తుప్పు, బేరింగులు పట్టేయడం. మంచి జింకు పూత ఉన్నవే తీసుకోవాలి.

ఒక కరివేపాకు చెట్టు దగ్గర ఆగి చూడండి. ఆకు మీద పిట్టరెట్టలా కనిపించేది నల్ల సీతాకోకచిలుక పిల్లపురుగు. కొన్నాళ్లకు ఆకుపచ్చగా మారుతుంది, పదో పరకో ఆకులు తిని గూడు కడుతుంది. మందు కొట్టే తోటమాలికి అది చీడగా కనిపిస్తుంది. జిల్లేడు, రేల, నిమ్మ, ఈశ్వరి తీగ కూడా ఇలాగే ఒక్కో సీతాకోకచిలుకకు పుట్టిల్లు. పురుగుమందు లేని మూల ఒకటి పార్కుకు తప్పక కేటాయించాలి. రాలిన ఆకును కాల్చకుండా, మూడు వంతుల ఎండాకుకు ఒక వంతు పేడ కలిపి గుంతలో తడిపితే మూడు నెలల్లో ఎరువవుతుంది. సింహాచలం కొండలు, కంబాలకొండ అభయారణ్యం, ముడసర్లోవ జలాశయం మధ్య కాలనీ పార్కులు పిట్టలకు మజిలీలు కావాలంటే ఈ చిన్న పనులే ఆధారం.

ఇవన్నీ టెండరులో రాస్తేనే జరుగుతాయి. నాటిన మొక్కల లెక్కకు కాక, మూడో వేసవి దాటాక బతికిన చెట్ల లెక్కకు బిల్లులో కనీసం మూడో వంతు చెల్లించేలా నగరపాలక సంస్థ జీవీఎంసీ, నగరాభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏ నిబంధన పెట్టాలి. ప్రతి పార్కు ప్లాను, చెట్ల జాతుల జాబితా, నీళ్ల లెక్క టెండరుకు పదిహేను రోజుల ముందు ఆ వార్డు కార్యాలయంలో తెలుగులో అంటించి, అభ్యంతరాలు తీసుకోవాలి.

ఇట్లు,
ఉద్యాన, ప్రజారోగ్య రంగాల్లో పనిచేస్తున్న కొందరు,
విశాఖపట్నం